మార్కుల చదువు - మనుషుల హక్కులు

పిల్లలు పదో తరగతి పాసై ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకోగానే మన ఇళ్లలో ఒక మాట వినబడడం మొదలవుతుంది. "ఒక్క రెండేళ్లు ఓర్చుకో బేటా! ఈ రెండేళ్లు పెళ్లిళ్లూ వద్దు, పేరంటాలూ వద్దు. ఎవరింటికీ వెళ్లనక్కర లేదు. సీటు వచ్చాక జీవితమంతా నీదే!" ఈ మాట అనేది పరాయివాళ్లు కాదు. అప్పు చేసి, నగలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన అమ్మీ అబ్బాలే అంటారు. ప్రేమతోనే అంటారు. పిల్లలు కూడా తల్లిదండ్రుల మీద ప్రేమతోనే తలూపుతారు.

అయితే ఈ మాట చాటున ఒక పెద్ద నైతిక ప్రశ్న ఉంది. మంచి లక్ష్యం కోసం పాటుపడుతున్న మనిషికి, ఆ పాటుపడే కాలంలో తోటి మనుషుల హక్కుల నుండి మినహాయింపు లభిస్తుందా? రేపు వేలాది రోగులకు సేవ చేయబోయే విద్యార్థి, ఈ రోజు మంచాన పడి ఉన్న తన నానీని చూడకుండా ఉండిపోవచ్చునా? చూడడానికి వెళ్లిన ఆ రెండు గంటలు చదువుకు చేసిన ద్రోహమా, లేక వెళ్లకపోవడమే మరో ద్రోహమా? డాక్టరు చదువుకు సిద్ధమవుతున్న పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న ఏదో ఒక రోజు తలెత్తుతుంది. దానిని వాయిదా వేయకుండా ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

చదువు కూడా అమానతే

ముందుగా మార్కుల పట్ల న్యాయంగా మాట్లాడుకుందాం. మార్కులు ముఖ్యం కాదని చెప్పడం తేలిక. కానీ అది నిజం కాదు. 2025లో జరిగిన నీట్ పరీక్షనే తీసుకోండి. 3 గంటల్లో 180 ప్రశ్నలు, మొత్తం 720 మార్కులు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. అంటే ఒక్కో ప్రశ్నకు దక్కేది ఒక్క నిమిషం. ఆ ఏడాది 22 లక్షలకు పైగా పిల్లలు ఆ పరీక్ష రాశారు. దేశం మొత్తం మీద ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలన్నీ కలుపుకున్నా ఎంబిబిఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలే. రెండు మూడు ప్రశ్నల తేడాలో వేల ర్యాంకులు తారుమారవుతాయి. ఇలాంటి పరీక్షకు కూర్చునే విద్యార్థికి సమయం విలువ గురించి ఎవరూ పాఠాలు చెప్పనక్కర లేదు.

పైగా చదువు అతని సొంత వ్యవహారం మాత్రమే కాదు. తల్లిదండ్రుల చెమట అతని చేతిలో అమానతుగా ఉంది. ఫీజు కట్టించుకుని, పుస్తకం ముందు కూర్చుని పగటి కలలు కనడం అమానతులో ఖియానత్ చేయడమే. వైద్యవిద్య సమాజంపై ఫర్జె కిఫాయా అని ఇమామ్ గజాలీ (మరణం క్రీ.శ. 1111) తన ఇహ్యాలో రాశారు. ఊళ్లలో ముస్లిం వైద్యులు కరువైపోతుంటే చదువుకునేవారంతా ఫిఖ్హ్ వాదవివాదాల వైపే పరుగెడుతున్నారని ఆయన తన కాలం వారిని మందలించారు కూడా. కనుక మన పిల్లవాడో, పిల్లో వైద్యం చదవాలనుకోవడం మంచి సంకల్పం. ఆ సంకల్పానికి తగిన శ్రమ చేయడం కూడా తప్పనిసరి. ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒక మనిషి అడిగినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ముందు కట్టేయమనే చెప్పారు. చదవకుండా దుఆ చేసేవాడు ఒంటెను కట్టకుండా వదిలేసినవాడే.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చేది ఆ తర్వాతే. ఇంత మంచి పనిలో ఉన్నవాడు మిగతా అన్నిటినీ పక్కన పెట్టవచ్చునా?

సల్మాన్ (రజి) చూపిన దారి

ఈ ప్రశ్న కొత్తది కాదు. మదీనాలో ప్రవక్త సహచరుల ఇళ్లలోనే ఇది తలెత్తింది. దైవప్రవక్త (స) హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి)కి, హజ్రత్ అబూ దర్దా (రజి)కి మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒక రోజు సల్మాన్ (రజి) తన సోదరుణ్ణి చూడడానికి వెళ్లారు. ఆ ఇల్లాలు ఉమ్మె దర్దా (రజి) మాసిన, సాదాసీదా దుస్తుల్లో కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనే లేకుండా పోయిందని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. అతిథికి భోజనం పెట్టి తాను ఉపవాసంలో ఉన్నానన్నారు. మీరు తినకపోతే నేనూ తినను అన్నారు సల్మాన్ (రజి). ఆయన తినక తప్పలేదు. రాత్రి కాగానే నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో ఇక లేవండి అన్నారు. ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తర్వాత సల్మాన్ (రజి) ఆయనకు నచ్చజెప్పారు: మీపై మీ ప్రభువుకు హక్కు ఉంది, మీ శరీరానికి హక్కు ఉంది, మీ ఇంటివారికి హక్కు ఉంది, హక్కుదారులందరికీ వారి వారి హక్కు చెల్లించాలి అని. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పింది నిజమేనని ధ్రువీకరించారు. బుఖారీ గ్రంథంలో ఉన్న సంఘటన ఇది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. అబూ దర్దా (రజి) సమయం వృథా చేయడం లేదు. ఆయన చేస్తున్నది ఆరాధన. ఆరాధన సైతం ఇల్లాలి హక్కునూ, అతిథి హక్కునూ మింగేయడానికి వీల్లేదంటే, జువాలజీ పుస్తకానికి ఆ అధికారం ఎక్కడి నుండి వస్తుంది? మరో విషయం కూడా గమనించండి. సల్మాన్ (రజి) నమాజు మానేయమనలేదు. దానిని దాని వేళకు చేర్చారు, అంతే. పని తగ్గించడం వేరు, పనికి వేళ ఏర్పరచడం వేరు. చదువుకునే పిల్లలకు కావలసింది ఈ రెండోది.

హక్కు వేరు, సరదా వేరు

మన ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే "మనుషులతో గడపడం" అనే ఒకే మూటలో అన్నిటినీ కట్టేస్తాము. నానీని పలకరించడమూ అందులోనే, మిత్రులతో అర్ధరాత్రి దాకా బాతాఖానీ కొట్టడమూ అందులోనే. జనాజాకు వెళ్లడమూ అందులోనే, క్రికెట్ మ్యాచ్ చూడడమూ అందులోనే. పరీక్షలు దగ్గర పడగానే మూట మొత్తం ఎత్తి అటక మీద పడేస్తాము. నిజానికి ఆ మూటలో రెండు రకాల సామాను ఉంది. ఒకటి హక్కు, రెండోది సరదా. సరదాను వాయిదా వేయవచ్చు. వాయిదా వేసినందుకు ఎవరూ నష్టపోరు. హక్కు అలాంటిది కాదు. దానికి ఎదుటి వైపు ఒక మనిషి ఎదురు చూస్తూ ఉంటాడు.

మరి ఈ హక్కులు ఎంత సమయం తింటాయి? లెక్క వేసి చూద్దాం. ముస్లింపై తోటి ముస్లింకు ఉన్న హక్కులుగా దైవప్రవక్త (స) అయిదింటిని లెక్కించారు. సలాంకు జవాబివ్వడం, రోగిని పరామర్శించడం, జనాజా వెంట వెళ్లడం, ఆహ్వానాన్ని మన్నించడం, తుమ్మినవాడు అల్లాహ్‌ను స్తుతిస్తే అతనికి దుఆతో జవాబు చెప్పడం. వీటిలో రెండింటికి పట్టేది ఒక్కో క్షణం. రోగి పరామర్శకు అరగంట, గంట. జనాజాలు, వలీమాలు నెలనెలా వచ్చేవి కావు. తల్లిదండ్రుల దగ్గర రోజూ కాసేపు కూర్చోవడాన్నీ, వారానికోసారి దాదీకో ఖాలాకో ఫోన్ చేయడాన్నీ కలుపుకున్నా ఇదంతా రోజుకు అరగంట చుట్టూనే తిరుగుతుంది.

వారానికి 168 గంటలు. రోజుకు 7 గంటల చొప్పున నిద్రకు 49. మస్జిదుకు వెళ్లి రావడంతో సహా అయిదు పూటల నమాజుకు రోజుకు 2 గంటలు వేసుకుంటే 14. తిండికీ స్నానానికీ మరో 14. రోజుకు 10 గంటల చొప్పున చదువుకు 70. మొత్తం 147. ఇంకా 21 గంటలు మిగిలాయి! అంటే రోజుకు 3 గంటలు. కాలేజీ ప్రయాణాలకు సగం పోయినా, నానీ దగ్గరకు వెళ్లి రావడానికి చోటు లేదని ఈ లెక్క చెప్పడం లేదు. మరి ఆ గంటలు ఏమవుతున్నాయి? జవాబు పిల్లలకూ తెలుసు, మనకూ తెలుసు. జేబులో ఉన్న ఫోనుకు తెలుసు. నానీ ఇంటికి వెళ్లడానికి లేని రెండు గంటలు, రీల్సు చూస్తుంటే తెలియకుండానే కరిగిపోతాయి. చదువు పేరు మీద బంధువును దూరం పెట్టి, ఆ మిగిల్చిన సమయాన్ని ఫోనుకు ధారపోస్తే మనం త్యాగం చేసింది చదువు కోసం కాదు.

ఈ లెక్కలో నిద్రను మాత్రం తగ్గించకండి. చదివినది మెదడులో నిలదొక్కుకునేది నిద్రలోనే అని వైద్యశాస్త్రమే చెబుతోంది. ఇషా తర్వాత కబుర్లలో పడడం దైవప్రవక్త (స)కు ఇష్టం ఉండేది కాదు. తన సమాజానికి ఉదయపు వేళలో శుభం ప్రసాదించమని ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. ఇషా కాగానే పడుకుని ఫజ్ర్‌కు ముందే లేచే విద్యార్థికి చదువూ నిలుస్తుంది, ఫజ్ర్ నమాజూ నిలుస్తుంది.

ఆ రెండేళ్ల పొడవెంత?

"ఒక్క రెండేళ్లే కదా, ఆ మాత్రం ఓర్చుకోలేరా?" అని ఎవరైనా అడగవచ్చు. నిజంగా రెండేళ్లే అయితే ఈ వ్యాసం రాయనక్కర లేదు. ఇంటర్ 2 ఏళ్లు. మొదటిసారి సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ మరో ఏడాది. ఎంబిబిఎస్ నాలుగున్నర ఏళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది. ఆ తర్వాత పీజీ సీటు కోసం మళ్లీ అదే పరీక్షల పరుగు. పీజీ 3 ఏళ్లు, సూపర్ స్పెషాలిటీ అయితే ఇంకో 3 ఏళ్లు. ఎక్కడా ఒక్క ఏడాది కూడా తప్పకుండా నడిచినా పదమూడున్నర ఏళ్లు! పదిహేనేళ్ల వయసులో "తర్వాత వస్తాను నానీ" అన్న పిల్లవాడికి ఆ "తర్వాత" వచ్చేసరికి ముప్పై ఏళ్లు దగ్గర పడతాయి. అప్పటికి నానీ ఉంటారన్న హామీ ఎవరి దగ్గరా లేదు.

పైగా ఇది అలవాటుకు సంబంధించిన విషయం కూడా. మనుషులను పక్కన పెట్టడం పదిహేనేళ్ల పాటు నేర్చుకున్నవాడు, చేతికి డిగ్రీ రాగానే మనుషులను దగ్గరకు తీసుకోవడం ఎలా మొదలుపెడతాడు? డాక్టరు చేసే పని ఏమిటి? రోగి దగ్గర కూర్చోవడం, అతని మాట వినడం, భయపడుతున్న ఇంటివారికి నెమ్మదిగా విషయం చెప్పడం. రోగి పరామర్శను మన ధర్మం ప్రతి ముస్లింకూ నేర్పింది. సొంత దాదా మంచం దగ్గర పది నిమిషాలు కూర్చోవడం చేతకాని కుర్రాడు, ఎవరి మంచం దగ్గర కూర్చోవడం నేర్చుకుంటాడు? ఆ చదువు ఏ కోచింగ్ సెంటరులోనూ చెప్పరు. అది ఇంట్లోనే, ఈ వయసులోనే పట్టుబడుతుంది.

ఇబ్నె రుష్ద్ పుస్తకం మూసిన రెండు రాత్రులు

మన చరిత్రలో చదువు పిచ్చి ఉన్నవారికి కొదవ లేదు. స్పెయిన్‌లోని ఖుర్తుబాలో పుట్టిన ఇబ్నె రుష్ద్ (1126-1198) న్యాయమూర్తి, తత్వవేత్త, గొప్ప వైద్యుడు. వైద్యశాస్త్రంలో ఆయన రాసిన కుల్లియాత్ యూరపులో శతాబ్దాల పాటు చదివారు. జ్ఞానం వచ్చిన నాటి నుండి ఆయన చదవడం, రాయడం మానిన రాత్రులు రెండే రెండని చరిత్రకారులు చెబుతారు. ఒకటి తండ్రి చనిపోయిన రాత్రి, రెండోది తన పెళ్లి రాత్రి.

ఈ మాటను సాధారణంగా చదువు గొప్పతనానికి ఉదాహరణగా చెబుతుంటారు. కొంచెం తిప్పి చూడండి. అంత చదువు పిచ్చి ఉన్న మనిషి కూడా ఆ రెండు రాత్రులు పుస్తకం మూశాడు! తండ్రి మరణం ముందు, కొత్తగా ఏర్పడుతున్న కుటుంబం ముందు పుస్తకం పక్కకు జరగవలసిందేనని ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. మన పిల్లలకు మనం ఆ రెండు రాత్రులు కూడా ఇవ్వడం లేదు.

మరో గొప్ప వైద్యుడు అబూ బక్ర్ రాజీ. పదో శతాబ్దం తొలి నాళ్లలో కన్నుమూశారు. ఆయన ప్రజల మధ్య ఎక్కువగా తిరుగుతున్నాడని, జీవనోపాధిలో పడ్డాడని, జ్ఞాని అయినవాడు అలా ఉండకూడదని కొందరు ఆక్షేపించారు. దానికి జవాబుగా ఆయన ఒక చిన్న పుస్తకమే రాశారు. అతికి పోకుండా రెండు హద్దుల మధ్య నడవడమే జ్ఞాని లక్షణమని అందులో వాదించారు. తన శ్రమకు నిదర్శనంగా, ఒక్క ఏడాదిలో 20 వేలకు పైగా పుటలు రాశానని, ఏళ్ల తరబడి సాగిన ఆ రాతతో చూపు మందగించి చేతి కండరాలు దెబ్బ తిన్నాయని కూడా చెప్పుకున్నారు. మధ్యేమార్గం అంటే సోమరితనం కాదనడానికి ఆయన జీవితమే ఉదాహరణ. అయితే శరీరం హక్కును మరిచిన శ్రమకు ఎంత మూల్యం చెల్లించాలో కూడా అందులోనే ఉంది.

చావు కబురు దాచవచ్చా?

ఇక అన్నిటికన్నా కష్టమైన సంగతి. పిల్లవాడు విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టల్లో ఉంటాడు. ఊళ్లో దాదీ కన్నుమూస్తుంది. "వాడికి చెప్పకండి, పరీక్షలున్నాయి" అంటారు పెద్దలు. దఫన్ అయిపోతుంది. నెల తర్వాత సెలవుల్లో ఇంటికి వచ్చిన పిల్లవాడు దాదీ మంచం ఖాళీగా ఉండడం చూస్తాడు. ఇలాంటి ఇళ్లు మనలో చాలామందికి తెలుసు.

ఇందులో ఉన్న కనికరాన్ని మనం కాదనలేము. రేపు ఉదయమే పరీక్ష, పిల్లవాడు దూరాన ఉన్నాడు, బయలుదేరినా జనాజాకు అందడు. అలాంటప్పుడు పరీక్ష ముగిసేదాకా ఒక పూట కబురు ఆపడం వేరు. అది కనికరమే. కానీ వారం వారం జరిగే మాక్ టెస్టు కోసం, నెలల తరబడి కబురు దాచడం వేరు. అప్పుడు మనం అతని మార్కులను కాపాడుతున్నామని అనుకుంటాము, కానీ అతని దగ్గర నుండి తిరిగి ఇవ్వలేని ఒకదాన్ని తీసేసుకుంటున్నాము. దాదీ ముఖం చివరిసారి చూసే అవకాశం, జనాజాలో నిలబడి ఆమె కోసం దుఆ చేసే భాగ్యం, ఇంటివారితో కలిసి ఏడ్చే హక్కు. టెస్టు మళ్లీ పెడతారు. జనాజా మళ్లీ జరగదు. మరో నష్టం కూడా ఉంది. ఒకసారి ఇలా దాచిన తర్వాత ఆ పిల్లవాడు ఇంటి నుండి వచ్చే ప్రతి ఫోనునూ అనుమానంతో వింటాడు. "అందరూ బాగున్నారు" అన్న మాట మీద అతనికి నమ్మకం పోతుంది.

ఇది ఫత్వా కాదు. ప్రతి ఇంటి పరిస్థితి వేరు. నిర్ణయం తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: మనం దాస్తున్నది పిల్లవాడి కోసమా, లేక ర్యాంకు కోసమా? ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కావు.

బంధువుల బాధ్యత

న్యాయం ఒకవైపే చెప్పకూడదు. విద్యార్థిపై బంధువులకు హక్కు ఉన్నట్లే, బంధువులపై విద్యార్థికి కూడా హక్కు ఉంది. నికాహ్, వలీమా మన ధర్మంలో ఉన్నవి. వాటికి పిలిస్తే రావాలి. కానీ సాంచక్, మెహందీ, నికాహ్, వలీమా, ఆ తర్వాత వారం వారం జుమాగీ విందులు అంటూ పెళ్లిని నెల రోజులు సాగదీసి, అన్నిటికీ రాలేదని చదువుకునే పిల్లల మీద అలగడం ఏ హక్కు కిందికి వస్తుంది? వలీమాకు వచ్చి, దుఆ ఇచ్చి, అన్నం తిని వెళ్లిన విద్యార్థి తన బాధ్యత తీర్చుకున్నట్లే.

పిల్లలు విందులకు రాకపోవడానికి సమయం ఒక్కటే కారణం అనుకోకండి. వచ్చిన పిల్లవాణ్ణి ప్లేటు చేతికి అందక ముందే ఒక చాచా "మాక్ టెస్టులో ఎంత వచ్చింది?" అంటాడు. ఒక మామూ "మా వాడికి 600 దాటింది" అంటాడు. ఒక ఫుప్పీ "పోయినసారి రాలేదట కదా?" అంటుంది. ఆ కుర్రాడు మరుసటి విందుకు తలనొప్పి అని ఇంట్లో ఉండిపోతే తప్పు ఎవరిది? మనం పిల్లల్ని బంధుత్వం నుండి మన నోటితోనే తరిమేస్తున్నాము. అతన్ని చూడగానే మార్కులు అడగకుండా సలాం చెప్పి, ఆరోగ్యం అడిగి, ఒక దుఆ ఇచ్చి చూడండి. హాస్టల్ నుండి ఆదివారం వచ్చే పది నిమిషాల ఫోనులో కూడా మొదటి ప్రశ్న మార్కుల గురించి కాకుండా చూసుకుందాం.

ఆడపిల్లల సంగతి

"చదువుకుంటున్నాడు, కదిలించకండి" అనే మినహాయింపు మగపిల్లలకు దొరికినంత తేలికగా ఆడపిల్లలకు దొరకదు. అదే పరీక్షకు చదువుతున్న కూతురు, అతిథులు రాగానే పుస్తకం మూసి చాయ్ పెట్టాలి. తమ్ముడికి అన్నం వడ్డించాలి. రంజాన్‌లో ఇఫ్తార్ పనంతా ఆమె మీదే పడుతుంది. ఆమె విషయంలో అసలు సమస్య మనుషులకు దూరం కావడం కాదు, ఊపిరాడనంతగా మనుషుల పనిలో మునిగిపోవడం. త్రాసు అక్కడ రెండో వైపుకు వంగి ఉంది.

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే వెళ్లిపోయేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఉమ్మత్ మొత్తం భారం మోస్తున్న ప్రవక్త (స) ఇంటి పనికి సమయం కేటాయించగలిగితే, నీట్ భారం మోస్తున్న అన్నయ్య చాయ్ గ్లాసులు కడగగలడు. పని పంచితే ఇద్దరికీ చదువు మిగులుతుంది.

స్నేహితులు ప్రత్యర్థులా?

ర్యాంకుల చదువు మరో జబ్బును కూడా అంటిస్తుంది. పక్కవాడి మార్కు మన నష్టంలా కనిపిస్తుంది. నోట్సు దాచుకోవడం, చదివి కూడా చదవలేదని చెప్పడం, మిత్రుడికి మార్కులు తగ్గితే లోలోపల హాయిగా అనిపించడం. దీనినే మన ధర్మం హసద్ అంటుంది. 22 లక్షల మందిలో ఒక్క మిత్రుడికి నోట్సు ఇచ్చినందువల్ల మన ర్యాంకు ఏం పడిపోతుంది? ఎక్కువలో ఎక్కువ ఒక్క స్థానం! దాని కోసం ఒక స్నేహాన్ని పోగొట్టుకోవడం ఎంత నష్టపు బేరం!

ఈ చిక్కుకు హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో చక్కని పరిష్కారం ఉంది. ఆయన మదీనా శివార్లలో ఉండేవారు. రోజూ పనులు మానుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లడం సాధ్యం కాదు. వెళ్లకపోతే జ్ఞానం దక్కదు. అందుకని ఆయన, పొరుగున ఉన్న ఒక అన్సారీ సహచరుడు వంతులు వేసుకున్నారు. ఒక రోజు ఆయన వెళ్లి ఆ రోజు విన్నదంతా వచ్చి చెప్పేవారు, మరుసటి రోజు ఈయన వెళ్లి వచ్చి చెప్పేవారు. ఇద్దరి పనులూ సాగాయి, ఇద్దరికీ జ్ఞానమూ అందింది. మన పిల్లలు కూడా ఇదే చేయవచ్చు. ఒకరి ఇంట్లో జనాజా ఉన్న రోజు మరొకరు పాఠం రాసి పెట్టాలి. ఒకరు బోటనీ అధ్యాయం చదివి చెబితే, మరొకరు జువాలజీ అధ్యాయం చదివి చెప్పాలి. ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పిన పాఠం చెప్పినవారికీ గట్టిగా గుర్తుంటుంది. అలా చదువూ స్నేహమూ ఒకే గంటలో సమకూరుతాయి.

ఉన్న చోటే ఉండడం

పుస్తకం ముందు కూర్చుంటే ఇంటివారు గుర్తుకు వస్తారు, ఇంటివారి మధ్య కూర్చుంటే పుస్తకం గుర్తుకు వస్తుంది. చాలామంది పిల్లల బాధ ఇది. ఎక్కడ ఉన్నా తప్పు చేస్తున్నట్లే ఉంటుంది. హజ్రత్ హంజలా (రజి)కి కూడా ఇలాంటి బాధే కలిగింది. దైవప్రవక్త (స) దగ్గర ఉన్నప్పుడు పరలోకం కళ్ల ముందు కనిపిస్తున్నట్లు ఉండేది. ఇంటికి వెళ్లి భార్యాబిడ్డల మధ్య పడగానే ఆ స్థితి పోయేది. తాను కపటినై పోయానేమోనని ఆయన భయపడ్డారు. దైవప్రవక్త (స) ఆయనను మందలించలేదు. ఒక వేళ దానిదైతే మరో వేళ దీనిదని ఊరడించారు. కనుక నానీ దగ్గర కూర్చున్న అరగంట పూర్తిగా నానీదే కావాలి. మనసులో ఫార్ములాలు వల్లె వేస్తూ తలూపడం పరామర్శ కాదు. అలాగే చదువు గంట పూర్తిగా చదువుదే కావాలి. సగం మనసుతో రెండు చోట్లా ఉండేవాడు రెంటినీ పోగొట్టుకుంటాడు.

సీటు రాకపోతే?

అన్నీ సరిగ్గా చేసినా సీటు రాకపోవచ్చు. 22 లక్షల మంది రాసిన పరీక్షలో చాలామందికి రాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పిల్లల గురించి తీర్పులు చెప్పే అధికారం మనకు లేదు. కానీ బతికి ఉన్న పిల్లల గురించి ఆలోచించే బాధ్యత మాత్రం మనదే. రెండేళ్ల పాటు ఒక పిల్లవాడి జీవితంలో నుండి మార్కులు తప్ప మిగతా అన్నిటినీ మనమే తీసేస్తే, మార్కులు పోయిన రోజున అతను దేన్ని పట్టుకుని నిలబడాలి? దాదీ ఒడి, మిత్రుని భుజం, మస్జిదులో పలకరించే పెద్దమనిషి, ఇంటి భోజనం దగ్గర తనకంటూ ఒక చోటు. ఇవి చదువుకు అడ్డం కావు, చదువు తడబడిన రోజున పడిపోకుండా ఆపే ఆసరాలు. పిల్లలు దిగులుగా, మౌనంగా మారిపోతుంటే మందలించకండి. దగ్గర కూర్చోండి, వినండి, అవసరమైతే వైద్యునికి చూపించండి. "సీటు రాకపోయినా నువ్వు మా బిడ్డవే" అన్న మాట ఫలితాల రోజున కాదు, ఫలితాలకు ఏడాది ముందే చెప్పండి.

రహ్మాన్ సూరాలో అల్లాహ్ ఆకాశాన్ని ఎత్తుగా నిలపడాన్ని ప్రస్తావించిన వెంటనే త్రాసును నెలకొల్పడాన్ని ప్రస్తావించాడు. తూకంలో హద్దు మీరవద్దని, తగ్గించవద్దని ఆదేశించాడు. త్రాసు కేవలం దుకాణంలో ఉండేది కాదు. చదువుకునే పిల్లల బల్ల మీద కూడా అది ఉంది. అయితే ఆ త్రాసులో చదువు ఒక పళ్లెంలో, మనుషులు మరో పళ్లెంలో ఉన్నారని అనుకోవడమే మన పొరపాటు. చదువు హక్కు, మనుషుల హక్కు రెండూ ఒకే పళ్లెంలో ఉన్నాయి. రెండో పళ్లెంలో ఉన్నది మనం వృథా చేసే కాలం. తగ్గించవలసింది దానినే.

డాక్టర్లు కావాలని కలలు కంటున్న మన పిల్లల చదువులో అల్లాహ్ శుభం ప్రసాదించుగాక! వారి చేతుల్లో రోగులకు స్వస్థతను, వారి మనసుల్లో మనుషుల పట్ల దయను నింపుగాక! సీటు వచ్చినవారికి వినయాన్ని, రానివారికి సహనాన్ని, ఇంకా మంచి దారిని చూపుగాక! తల్లిదండ్రులమైన మనకు పిల్లల మార్కులకంటే ముందు పిల్లల్ని చూసే కళ్లను అనుగ్రహించుగాక! ఆమీన్.